మామిడి గుజ్జు పొడి కావడానికి ఎందుకు మొరాయిస్తుంది?

చిత్తూరు జిల్లాలో 2025 తోతాపురి సీజన్ రైతుకు చేదుగా గడిచింది. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ధర కట్టి, అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలని, మిగతా 4 తాను భరిస్తానని చెప్పాల్సి వచ్చింది. ఇలా కాయ ఎక్కువై ధర పడిపోయిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది. పాలను పొడి చేస్తున్నాం. దుగ్గిరాలలో కాఫీని పొడి చేసి దేశదేశాలకు పంపుతున్నారు. మరి మామిడి గుజ్జునూ పొడి చేసి పెట్టుకుంటే ఏడాది పొడవునా అమ్ముకోవచ్చు కదా?

న్యాయమైన ప్రశ్నే. చేయొచ్చు, చేస్తున్నారు కూడా. నీళ్లలో కలుపుకునే పానీయాల సాచెట్లలో, ఐస్‌క్రీమ్ మిక్సుల్లో వాడే మామిడి పొడి చాలావరకు స్ప్రే డ్రయ్యర్‌లోంచి వచ్చిందే. కానీ పాలు పొడి అయినంత తేలిగ్గా మామిడి కాదు. ఎందుకు కాదో అర్థమైతే పొడి ధర, దాని పోషక విలువ, లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో ఉండే పేర్లు అన్నీ ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. అన్నిటి మూలం పండులోని చక్కెరే.

వేడి గాలిలో తుంపర

ముందు యంత్రం సంగతి. ద్రవాన్ని తుంపరగా చిమ్మి ఆరబెట్టే పద్ధతికి శామ్యూల్ పెర్సీ 1872లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత పాలపొడి పరిశ్రమ దాన్ని పెంచి పెద్దది చేసింది. ఎత్తైన స్టీలు గది, కింద గరాటులా సన్నబడే అడుగు. పైనుంచి ద్రవాన్ని సన్నని తుంపరగా చిమ్ముతారు. అదే గదిలోకి 150 నుంచి 200 డిగ్రీల వేడి గాలిని వదులుతారు. బొట్టు గాలిలో ఉండగానే దానిలోని నీరు ఆవిరైపోతుంది, అడుగుకు చేరేసరికి పొడి రేణువు మిగులుతుంది. ఆ పొడి గాలితో కలిసి సైక్లోన్‌లోకి వెళుతుంది. అక్కడ గాలి సుడి తిరుగుతూ రేణువులను గోడవైపు నెట్టేస్తుంది, అవి జారి కింది డబ్బాలో పడతాయి. ఇంకా మిగిలిన సన్నని ధూళిని సంచీ ఫిల్టర్లు పట్టుకుంటాయి.

తుంపర చేయడంలోనే కిటుకంతా ఉంది. ఒక లీటరు ద్రవాన్ని 100 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో పదో వంతు, వ్యాసం ఉన్న బొట్లుగా విడగొడితే దాదాపు 190 కోట్ల బొట్లవుతాయి. వాటన్నిటి పైతలాన్ని కలిపితే 60 చదరపు మీటర్లు. బొట్టును 50 మైక్రాన్లకు తగ్గిస్తే అదే లీటరుకు 120 చదరపు మీటర్ల పైతలం వస్తుంది. నీరు ఆవిరయ్యేది పైతలం నుంచే కాబట్టి, ఎండలో రోజుల తరబడి పట్టే పని ఇక్కడ కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఈ బొట్లను చేయడానికి కొన్నిచోట్ల నిమిషానికి వేల చుట్లు తిరిగే పళ్లెం వాడతారు, కొన్నిచోట్ల అధిక పీడనంతో నాజిల్ గుండా నెడతారు. పీచు ఉండే పండ్ల గుజ్జుకు పళ్లెమే నయం. సన్నటి నాజిల్ రంధ్రంలో మామిడి పీచు ఒక్క పోగు అడ్డం పడితే చాలు, పని ఆగిపోతుంది.

ఇక్కడ చాలామందికి ఒక భయం ఉంటుంది: 180 డిగ్రీల వేడిలో విటమిన్లన్నీ మాడిపోవా? గాలి వేడి వేరు, బొట్టు వేడి వేరు. నీరు ఆవిరవుతున్నంత సేపూ ఆ ఆవిరే బొట్టును చల్లబరుస్తుంది. చుట్టూ గాలి అంత వేడిగా ఉన్నా తడి బొట్టు 45-50 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. తడి పూర్తిగా పోయాకే రేణువు వేడెక్కడం మొదలవుతుంది. అప్పటికి దాని చుట్టూ ఉన్న గాలి కూడా చల్లబడి ఉంటుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు లోపలికి వెళ్లే గాలి వేడికన్నా బయటికొచ్చే గాలి వేడిని ఎక్కువ జాగ్రత్తగా చూస్తారు. మామూలుగా అది 70 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. పొడి చివరికి చూసే వేడి దానికి దగ్గర్లోనే, కాస్త తక్కువగా ఉంటుంది. అదీ కొద్ది సెకన్లపాటే. పెనం మీద గంటసేపు మరిగించే జామ్‌తో పోలిస్తే ఇది పండుకు చాలా మెత్తని వ్యవహారం.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. ఇదే పద్ధతిలో పాలు చక్కగా పొడి అవుతాయి. మామిడి గుజ్జు మాత్రం కాదు.

అసలు చిక్కు

ఏమీ కలపని మామిడి గుజ్జును డ్రయ్యర్‌లోకి పంపి, కొంతసేపటికి ఆపి, తలుపు తీసి చూస్తే లోపల కనబడేది పొడి కాదు. గోడల నిండా తేనె రంగు పూత పట్టి ఉంటుంది. వేలితో తాకితే వేలికి అంటుకుని తీగలా సాగుతుంది. గరాటు భాగంలో అది పేరుకుని కిందికి జారుతూ, జారుతూ ఆగిపోయి ఉంటుంది. చల్లారాక గట్టిపడి గీకినా ఊడదు, వేడినీళ్లతో కడగాల్సిందే. సైక్లోన్ కింద పెట్టిన డబ్బాలో చారెడు పొడి ఉంటే గొప్ప.

ఇదెందుకు జరుగుతుందో పప్పుచెక్కలు చేసే ఎవరికైనా చేతికి తెలుసు. బెల్లం పాకం ముదిరిందో లేదో చూడ్డానికి చన్నీళ్లలో ఒక చుక్క వేస్తాం. అది గట్టిపడి పళ్లానికి తగిలి టంగుమంటే పాకం వచ్చినట్టు. అదే పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు మాత్రం సాగుతూనే ఉంటుంది. పదార్థం ఒక్కటే. ఒక వేడికి పైన అది జిగురు, దానికి కింద గాజు. ఇక వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని పప్పుచెక్క మళ్లీ మెత్తబడి చేతికి అంటుకుంటుంది. ఎవరూ దాన్ని వేడి చేయలేదు. గాలిలోని తేమ చేరి, గాజు జిగురుగా మారే వేడిని గది వేడికన్నా కిందికి దించేసింది.

శాస్త్రవేత్తలు ఈ హద్దును గ్లాస్ ట్రాన్సిషన్ టెంపరేచర్ అంటారు. ఇక్కడ గాజు హద్దు అనుకుందాం. ప్రతి పదార్థానికీ ఒక హద్దు ఉంటుంది. పూర్తిగా ఎండిన సుక్రోజ్‌కు, అంటే మామూలు పంచదారకు, అది 62 డిగ్రీలు. గ్లూకోజ్‌కు 31. ఫ్రక్టోజ్‌కు 5. పండ్ల పులుపులో ఉండే సిట్రిక్ ఆమ్లానికి కూడా ఫ్రక్టోజ్ స్థాయిలోనే. నీటికైతే మైనస్ 135. అందుకే చిటికెడు తేమ మిగిలినా మొత్తం మిశ్రమం హద్దు గబగబా పడిపోతుంది. రేణువు వేడి తన హద్దును 20 డిగ్రీలు దాటిందంటే తగిలిన చోటల్లా అంటుకోవడం మొదలుపెడుతుందని ఒక మోటు లెక్క.

ఇప్పుడు మామిడిని చూడండి. దాని గుజ్జులో నీరు తీసేస్తే మిగిలే ఘనపదార్థంలో నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా ఈ మూడు చక్కెరలే, వాటికి తోడు ఆమ్లాలు. రెండు మూడు శాతం తేమ మిగిలి ఉన్న మామిడి రేణువు హద్దు గది వేడి దగ్గరకో, అంతకన్నా కిందికో దిగుతుంది. డ్రయ్యర్ చివర గాలి మాత్రం 80 డిగ్రీలు. అక్కడ అది పొడిగా ఉండే మార్గమే లేదు.

పాలలోని చక్కెర లాక్టోజ్. దాని హద్దు 101 డిగ్రీలు, పైగా పాలలో ప్రోటీన్ ఉంది. కాఫీ డికాక్షన్‌లో పొడవాటి గొలుసుల పిండిపదార్థాలు బాగా ఉంటాయి, వాటి హద్దులు ఇంకా పైన. విజయవాడ పాల ఫ్యాక్టరీలోనో, దుగ్గిరాల కాఫీ ఫ్యాక్టరీలోనో నడిచే యంత్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మామిడికి పెడితే పని జరగకపోవడానికి కారణం ఇది. లోపం యంత్రానిది కాదు.

మన పెద్దవాళ్లు ఈ గుణంతో పోట్లాడలేదు, దాన్ని వాడుకున్నారు. ఆత్రేయపురంలోనూ, విజయనగరం జిల్లా భీమాలిలోనూ రసాన్ని చాపల మీద పొరలు పొరలుగా ఎండబెట్టి చేసే తాండ్ర సరిగ్గా ఆ జిగురు స్థితిలో ఉన్న మామిడే. ఎండలో ఎంత ఎండినా గాజులా పెళుసుబారదు, వంగుతుంది, నమిలితే సాగుతుంది. చక్కెర గాఢత వల్ల సూక్ష్మజీవులకు అందే నీరు ఉండదు కాబట్టి నెలల తరబడి నిలుస్తుంది. మామిడిని నిలవ పెట్టడమే లక్ష్యమైతే తాండ్ర ఆ పనిని బాయిలర్ లేకుండానే చేస్తోంది. పొడి కావాలనుకున్నప్పుడే తకరారు.

తోడు పెట్టే పిండి

పరిశ్రమ కనిపెట్టిన దారి సూటిగా ఉంటుంది. హద్దు తక్కువగా ఉన్న చక్కెరలకు, హద్దు బాగా ఎక్కువగా ఉన్న మరో పదార్థాన్ని కలపాలి. రెండింటి సగటు పైకి లేచి రేణువు గాజు స్థితిలో ఉండిపోతుంది. ఆ పదార్థమే మాల్టోడెక్స్‌ట్రిన్. మొక్కజొన్న పిండినో, కర్రపెండలం పిండినో ఎంజైములతో ముక్కలు చేసి తయారుచేస్తారు. తెల్లగా, రుచి దాదాపు లేకుండా, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. రకాన్ని బట్టి దాని హద్దు 140 నుంచి 190 డిగ్రీల దాకా ఉంటుంది. చవక కూడా. పిండిని తక్కువగా ముక్కలు చేసిన రకానికి హద్దు ఎక్కువ, తీపి తక్కువ.

ఎంత కలపాలన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. జనం సాధారణంగా ఏ ఐదో పదో శాతం అనుకుంటారు. మామిడి లాంటి తియ్యని పండుకు అది చాలదు. పండు ఘనపదార్థం ఎంతో, దాదాపు అంతే మాల్టోడెక్స్‌ట్రిన్ కలపాల్సిన పరిస్థితి తరచూ వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 100 కిలోల తోతాపురి గుజ్జు తీసుకుందాం. అందులో ఘనపదార్థం 15 కిలోలు, మిగతా 85 నీరే. దానికి 15 కిలోల మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపాం. మూడు శాతం తేమతో లెక్క ప్రకారం 31 కిలోల పొడి రావాలి. గోడలకు అంటుకున్నదీ, ధూళిగా పోయినదీ తీసేస్తే 25 నుంచి 28 కిలోలు చేతికొస్తే మంచి పనితనం. ఆ పొడిలో సగం మామిడి, సగం మాల్టోడెక్స్‌ట్రిన్. చిన్న ప్రయోగశాల యంత్రాల మీద పరిశోధన చేసేవాళ్లయితే వేసిన ఘనపదార్థంలో సగం సైక్లోన్ కింద దొరికితేనే ప్రయోగం సఫలమైనట్టు లెక్కేసుకుంటారు. మామిడి పొడి ప్యాకెట్ కొనేటప్పుడు మనం కొంటున్నది ఏమిటో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

దీన్ని మోసం అనను. ఈ పిండి లేకపోతే పొడే లేదు. రహస్యంగా ఉంచితే మాత్రం అది మోసమే.

తగ్గించే దారులు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భేష్ భండారి బృందం ఈ జిగురు సమస్య మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లు తేల్చినవాటిలో నాకు బాగా నచ్చింది పాల ప్రోటీన్ సంగతి. చక్కెర ద్రావణంలో ఒక శాతంలోపు ప్రోటీన్ కలిపినా పొడి దిగుబడి ఒక్కసారిగా పెరుగుతుంది. కారణం ఏమిటంటే, ప్రోటీన్ అణువులు బొట్టు లోపల సమానంగా సర్దుకోవు. గాలికి ఎదురుగా ఉండే పైపొరకు పరుగెత్తుకొస్తాయి. బొట్టు ఎండుతుంటే అక్కడ సన్నని చర్మంలా గట్టిపడతాయి. లోపల చక్కెర జిగురుగానే ఉన్నా గోడకు తగిలేది ప్రోటీన్ చర్మమే కాబట్టి అంటుకోదు. రేణువు మొత్తాన్ని మార్చాల్సిన పని లేదు, తగిలే పైపూతను మారిస్తే చాలు. నిజమైన పండు గుజ్జులో ఆమ్లాలూ, గుజ్జును చిక్కగా ఉంచే పెక్టిన్ అనే పీచూ అడ్డుపడి ఇది ద్రావణంలో కుదిరినంత చక్కగా కుదరదు. అయినా మాల్టోడెక్స్‌ట్రిన్ వాటాను బాగా తగ్గించవచ్చు. అలా చేస్తే పాల నుంచి వచ్చిన పదార్థం ఉందని ప్యాకెట్ మీద తప్పకుండా రాయాలి, పాలు పడనివాళ్లు ఉంటారు.

తుమ్మజాతి చెట్ల నుంచి వచ్చే గమ్ అరబిక్, పీచు కిందికి వచ్చే ఇనులిన్ లాంటివీ వాడతారు. గమ్ అరబిక్ వాసననూ రంగునూ బాగా పట్టి ఉంచుతుంది, ధర ఎక్కువ. ఇనులిన్ పోషకపరంగా మంచిదే గానీ దాని హద్దు మాల్టోడెక్స్‌ట్రిన్ అంత ఎత్తులో ఉండదు. డ్రయ్యర్ లోపలికి తేమ తీసిన గాలి పంపడం, గోడలను చల్లగా ఉంచడం లాంటి ఏర్పాట్లు కూడా కలిసొస్తాయి. అవన్నీ కరెంటు బిల్లులో కనబడతాయి.

పోషకం ఎంత మిగిలింది?

"పోషకాల గని", "సహజ విటమిన్లు" అని ప్యాకెట్ల మీద రాస్తుంటారు. ఒక చిన్న లెక్కతో పరీక్షిద్దాం.

మామిడిలో విటమిన్ సి రకాన్ని బట్టి చాలా మారుతుంది. 100 గ్రాముల గుజ్జుకు 36 మిల్లీగ్రాములు అనుకుందాం. ఘనపదార్థానికి లెక్కిస్తే 100 గ్రాములకు 240 మిల్లీగ్రాములు. సగం మాల్టోడెక్స్‌ట్రిన్ కలిసింది కాబట్టి 120. పది గ్రాముల పొడి గ్లాసు నీళ్లలో కలుపుకుంటే 12 మిల్లీగ్రాములు. గుజ్జు తీసేటప్పుడు, వేడిచేసి క్రిములను చంపేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు, నిలవలో, ఎక్కడా ఒక్క అణువు కూడా పోలేదనుకుంటే వచ్చే సంఖ్య అది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 65 నుంచి 80 మిల్లీగ్రాములని మన పోషకాహార ప్రమాణాలు చెబుతున్నాయి. బండి మీద దొరికే ఒక మోస్తరు జామకాయలో ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

కెరోటిన్ సంగతి కొంచెం మెరుగు. మామిడికి పసుపు రంగునిచ్చే ఈ పదార్థం నుంచే శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. డ్రయ్యర్‌లోని కొద్ది సెకన్లను అది చాలావరకు తట్టుకుంటుంది. దెబ్బ తగిలేది తర్వాత. పొడి అంటే అపారమైన పైతలం. ఆ పైతలమంతా ఆక్సిజన్‌కు తెరిచే ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో దుకాణం అల్మరాలో వెలుతురు పడేలా పెట్టిన మామిడి పొడి నెలలు గడిచేకొద్దీ రంగు వెలిసిపోతుంది. వెలిసిపోయిన ఆ రంగే పోయిన పోషకం. అందుకే అల్యూమినియం పొర ఉన్న ప్యాకెట్, వీలైతే నత్రజని నింపినది అడగాలి. లోపలి పొడి కనబడాలని కోరుకునే కొనుగోలుదారుల వల్లే పారదర్శక డబ్బాలు వస్తున్నాయి. ఈ ఒక్క అలవాటు మానుకుంటే మనకే మేలు.

పీచు దాదాపు ఉండదు. గుజ్జు పలచగా తుంపర కావడానికి పెక్టినేజ్ ఎంజైముతో పెక్టిన్‌ను తెగ్గొడతారు, సన్నని జల్లెడతో పోగులు తీసేస్తారు. తాజా పండులో చక్కెర రక్తంలోకి మెల్లగా చేరేలా చూసేది ఆ పీచే. దాని చోటికి వచ్చిన మాల్టోడెక్స్‌ట్రిన్ పేరుకు తియ్యగా లేకపోయినా, ఒంట్లోకి వెళ్లగానే గ్లూకోజ్ అంత వేగంగా రక్తంలో చక్కెరను పెంచుతుంది. షుగరు ఉన్నవాళ్లు "చక్కెర కలపలేదు" అన్న మాట చూసి ఈ పొడిని పండుకు బదులుగా తీసుకోవద్దు. ఆ మాట నిజమే అయి ఉండొచ్చు. లేబుల్ లెక్కల్లో మాల్టోడెక్స్‌ట్రిన్ చాలావరకు చక్కెర పద్దు కిందికి రాదు, కార్బోహైడ్రేట్ పద్దు కిందికి వస్తుంది.

అదే పద్దుతో దాని వాటాను పట్టుకోవచ్చు కూడా. ప్యాకెట్ వెనుక పోషకాల పట్టికలో 100 గ్రాములకు మొత్తం కార్బోహైడ్రేట్ ఎంతో, మొత్తం చక్కెరలు ఎంతో చూడండి. అచ్చంగా మామిడే అయితే కార్బోహైడ్రేట్‌లో అత్యధిక భాగం చక్కెరలే అయి ఉండాలి, ఉదాహరణకు 88 గ్రాముల్లో 80. కార్బోహైడ్రేట్ 93, చక్కెరలు 42 అని ఉందనుకోండి, ఆ మధ్య ఉన్న 51 గ్రాముల తేడాలో చాలా భాగం పండుది కాదు, తోడు పెట్టిన పిండిది. ఈ లెక్క పండిన మామిడికి, సపోటాకు, అనాసకు పనికొస్తుంది. సహజంగానే పిండిపదార్థం ఎక్కువున్న పచ్చి అరటి పొడికి పనికిరాదు.

పదార్థాల జాబితా కూడా చూడాలి. బరువు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలన్నది మన ఆహార భద్రతా నిబంధన. మాల్టోడెక్స్‌ట్రిన్ పేరు మొదట ఉంటే పండుకన్నా అదే ఎక్కువ. ముందువైపు పండు బొమ్మ వేసి దాన్ని ఎత్తిచూపిస్తే, ఆ పండు ఎంత శాతం ఉందో చెప్పాలని కూడా నిబంధనల్లో ఉంది. కాన్సంట్రేట్‌లో నీళ్లు కలిపి చేసిన రసాల మీద "100 శాతం పండ్ల రసం" అని రాయడం మానేయాలని ఆహార భద్రతా సంస్థ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది. పొడుల విషయంలోనూ అంతే గట్టిగా ఉండాలని నా అభిప్రాయం. పిల్లల ఆహారంగా అమ్ముతున్నప్పుడు మరీను.

రైతుకు ఏం దక్కుతుంది?

మళ్లీ చిత్తూరుకు వద్దాం. కాయలు మిగిలిపోతున్నాయి కాబట్టి స్ప్రే డ్రయ్యర్లు పెట్టాలన్న వాదనలో ఒక పెద్ద ఖాళీ ఉంది. అక్కడి ఫ్యాక్టరీలు చేసే గుజ్జును క్రిమిరహితంగా సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. అది శీతల గిడ్డంగి లేకుండానే ఏడాదికి పైగా నిలుస్తుంది. అంటే మామిడిని నిలవ చేసే సమస్య చాలావరకు ఇప్పటికే తీరిపోయింది. ఫ్యాక్టరీల్లో నిరుటి డ్రమ్ములు అమ్ముడుపోక మిగిలినప్పుడు ఈ ఏటి కాయకు ధర పలకదు. సమస్య గిరాకీలో ఉంది. దాన్ని పొడి దానంతట అదే తీర్చలేదు.

సామర్థ్యం లెక్క కూడా చూడాలి. గంటకు వెయ్యి కిలోల నీటిని ఆవిరి చేసే డ్రయ్యర్ చిన్నదేమీ కాదు. ముందే ఆవిరి పాత్రల్లో గుజ్జును చిక్కబరిచి పంపితే అది రోజుకు 50 టన్నుల పైచిలుకు గుజ్జును తీసుకోగలదు, అంటే సుమారు వంద టన్నుల కాయ. రెండు నెలల సీజన్ మొత్తం ఆపకుండా నడిపినా ఆరు వేల టన్నులు. చిత్తూరు తోతాపురి లెక్క లక్షల టన్నుల్లో ఉంటుంది. డ్రయ్యర్ బలం వేరేచోట ఉంది. అదే డ్రమ్ముల గుజ్జుతో దాన్ని ఏడాది పొడవునా నడపొచ్చు. కాబట్టి అది గుజ్జు ఫ్యాక్టరీకి బదులు కాదు, దాని వెనుక వచ్చే రెండో మెట్టు. నీళ్లు అస్సలు తగలకూడని చోట్ల, అంటే బిస్కెట్ క్రీములు, చాక్లెట్లు, పొడి మిక్సులు, సైన్యానికో విపత్తు సాయానికో పంపే పొట్లాలు, అక్కడ గుజ్జు వెళ్లలేదు, పొడి వెళుతుంది. అలాంటి కొనుగోలుదారు ముందుగా చేతిలో ఉంటేనే యంత్రానికి అప్పు చేయడంలో అర్థం ఉంది.

ఇంధనం ఖర్చు ఈ వ్యాపారానికి గుండెకాయ. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి కనీసం 2,260 కిలోజూళ్ల వేడి కావాలి. బయటికొచ్చే గాలితో పాటు చాలా వేడి పోతుంది కాబట్టి స్ప్రే డ్రయ్యర్‌లో వాస్తవంగా అది మూడు వేల నుంచి ఆరు వేల దాకా అవుతుంది. ఒక పాత్ర ఆవిరితో మరో పాత్రను మరిగించే ఎవాపరేటర్లలో ఇందులో కొద్ది భాగమే ఖర్చవుతుంది. 100 కిలోల గుజ్జును 15 బ్రిక్స్ (అంటే నూటికి 15 వంతులు కరిగిన ఘనపదార్థం) నుంచి 30 బ్రిక్స్‌కు చిక్కబరిస్తే 50 కిలోల నీరు చవగ్గా పోతుంది, డ్రయ్యర్‌కు 35 కిలోలే మిగులుతుంది. ఈ ఒక్క మెట్టు ఎగ్గొట్టి, పలచటి గుజ్జును నేరుగా తుంపర చేసే చిన్న యూనిట్లు బాయిలర్ ఖర్చు దగ్గరే చితికిపోతాయి.

ఫ్రీజ్ డ్రైయింగ్ మాటేమిటని అడిగేవాళ్లుంటారు. గుజ్జును గడ్డకట్టించి, శూన్యంలో ఆ మంచును నేరుగా ఆవిరి చేస్తారు. చల్లగా జరిగే పని కాబట్టి మాల్టోడెక్స్‌ట్రిన్ లేకుండానే కుదురుతుంది, రంగూ వాసనా అద్భుతంగా ఉంటాయి. ఒక విడతకు ఇరవై గంటల పైన పడుతుంది, ఖర్చు ఎన్నో రెట్లు. ఖరీదైన రకాల పండ్లకు, ఎగుమతికి అది తగినది. కిలో పది పన్నెండు రూపాయల తోతాపురికి కాదు.

ఇంతకీ స్ప్రే డ్రయ్యర్‌కు బాగా నప్పేవి ఏవి? నా దృష్టిలో చక్కెర తక్కువగా, వాసనో పులుపో పోషకమో గాఢంగా ఉండేవి. కొబ్బరి పాలలో చక్కెర కొద్దిగానే ఉంటుంది, కొవ్వును పట్టి ఉంచడానికి పాల ప్రోటీన్, మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపి దాన్ని ఇప్పటికే పెద్ద ఎత్తున పొడి చేస్తున్నారు. జామలో విటమిన్ సి ఎంత ఎక్కువంటే సగం పిండి కలిసినా, కొంత పోయినా, మిగిలేది లెక్కలోకి వస్తుంది. చింతపండు, నిమ్మ పొడులు ఆమ్లాల వల్ల జిగురుగానే ఉంటాయి. కానీ వంటలో చెంచా సరిపోతుంది కాబట్టి తోడు పిండి అంత బాధించదు. పచ్చి మామిడికైతే ఈ యంత్రమే అక్కర్లేదు, ముక్కలు ఎండబెట్టి దంచితే ఆమ్‌చూర్ అవుతుంది. పచ్చి అరటి కూడా అంతే. రెండింట్లోనూ చక్కెర ఇంకా పిండిరూపంలోనే ఉంటుంది, పిండికి జిగురు బాధ లేదు.

పొడి చేతికొచ్చాక కూడా పని అయిపోదు. అది చుట్టూ ఉన్న గాలిలోని తేమ కోసం కాచుకుని కూర్చుంటుంది. వానాకాలంలో 80 శాతం దాటే తేమలో తెరిచి పెట్టిన మామిడి పొడి చూస్తుండగానే ముద్దకడుతుంది. అందుకే ప్యాకింగ్ గదిలో తేమను 30 శాతంలోపు ఉంచుతారు. ఇంట్లో కూడా తడి చెంచా పెట్టకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను చల్లదనం పోకముందే తెరవకూడదు, లోపల మంచు నీరు చేరుతుంది. మరీ సన్నని పొడిని నీళ్లలో వేస్తే పైన తేలి, బయట తడిసి లోపల పొడిగా ఉన్న ఉండలు కడుతుంది. కొంచెం ఆవిరి తగిలించి రేణువులను గుత్తులుగా అతికిస్తే నీరు సందుల్లోంచి లోపలికి దూరి వెంటనే కరుగుతుంది. ఇన్‌స్టంట్ అని రాసిన పొడులకు ఈ అదనపు మెట్టు ఉంటుంది.

ఈ రంగంలో దిగాలనుకునే యువత, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు యంత్రం కొనేముందు అద్దె మీద ప్రయోగం చేయించుకోవడం మంచిది. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరులోని నిఫ్టెమ్ ఇలాంటి పనుల్లో అనుభవం ఉన్న ప్రభుత్వ సంస్థలు. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయల సబ్సిడీ ఇస్తూ వచ్చారు, అది ఇప్పుడు అమల్లో ఉందో లేదో కనుక్కోండి. ప్రయోగానికి మీ తోట గుజ్జునే తీసుకెళ్లండి. పండిన స్థాయిని బట్టి చక్కెర మారుతుంది, దాన్నిబట్టి గాజు హద్దూ మారుతుంది. అక్కడ అడగాల్సినవి: ఘనపదార్థంలో మాల్టోడెక్స్‌ట్రిన్ వాటా ఎంత పెట్టారు, సైక్లోన్ కింద దొరికిన పొడి ఎంత, గోడల మీద నుంచి గీకినదాన్ని అందులో కలిపి లెక్క చెప్పారా, పొడిలో తేమ ఎంత, మూడు నెలలు మామూలు గదిలో మీరు వాడబోయే ప్యాకెట్‌లోనే ఉంచాక అది ఇంకా జారుతోందా, ముద్దకట్టిందా. ఆఖరి ప్రశ్నకు జవాబు రావడానికి ఓ వానాకాలం పడుతుంది, యంత్రానికి అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.